ఏడుగురికి ఏడు కార్డులు

ఈ నడుమ మా కాలనీల పిల్లలు విదేశాలు పోవుడు ఎక్కువైంది. ఒకడు పెండ్లయినంక బాలి పోతడు, ఒకామె కంపెనీ ట్రైనింగుకు జర్మనీ పోతది, చర్చి వాళ్లు గుంపుగ జెరూసలేం పోతరు. పొయ్యే ముందు ఎవరో ఒకరు నా దగ్గరికొచ్చి కూసుంటరు. "కాకా, ఆడ ఖర్చులకు ఏ కార్డు తీస్కోవాలె?" అని అడుగుతరు. నేనేం బ్యాంకోణ్ని కాదు. రెస్క్యూ స్టేషన్ల పనిచేసి రిటైరైన మనిషిని. బతుకుల ఒక్కసారి విదేశం పోయిన, ఒక్కసారే కార్డు ఎంచిన. అడిగినోళ్లకు నాలుగు ముక్కలు చెప్పి పంపుత. అసలు ఏం జరిగిందో చెప్పాలంటే ఓపిక ఉండదు. ఇయ్యాల ఎందుకో రాయబుద్ధయింది.

రెస్క్యూ స్టేషన్ అంటే బాయి తెల్వనోళ్లకు చెప్పాలె. బొగ్గుబాయిల బండ కూలినా, మంట లేసినా, గ్యాసు నిండినా అందరు బయటికి ఉరుకుతరు. అప్పుడు లోపలికి పొయ్యేటోళ్లు మావోళ్లు. ఏ ఆపద లేని రోజు కూడ ప్రాక్టీసు తప్పది. వీపున ఆక్సిజన్ సెట్టు కట్టుకొని పొగ నింపిన గదిల నడవాలె, బొమ్మను స్ట్రెచర్ మీద పండవెట్టి మొయ్యాలె. నేను కూడ గట్లనే దిగినోణ్నే. మోకాళ్లు అరిగినంక నేర్పేటోణ్నయిన.

నా సర్వీసు ఒడిసేటందుకు వచ్చిన కాలంల, పోలండ్‌ల బొగ్గు బాయిలున్న ఒక ఊర్ల రెస్క్యూ పోటీలు పెడుతున్నరని మా టీముకు పిలుపొచ్చింది. దిగేది ఐదుగురు, ఎవరికన్న బాగలేకపోతే అక్కరకొచ్చే మనిషి ఒకడు, మేనేజరుగ నేను. మొత్తం ఏడుగురం. ఏడుగుర్ల ఒక్కడు కూడ అంతకుముందు విమానం ఎక్కలే.

టికెట్లు కంపెనీ కొన్నది. ఉండే జాగ, తిండి పోటీ పెట్టినోళ్లు చూస్తమన్నరు. పై ఖర్చులకు రోజుకింత అని ఒక్కొక్కనికి అలవెన్సు. అది చేతికి నోట్లుగ ఇయ్యరు. ముందే పైసలు నింపిన కార్డు బ్యాంకుల తీస్కోవాలె. నింపినంతనే ఖర్చు పెట్టొచ్చు, ఒడిస్తే ఒడిసినట్టే. ఏ కార్డు తీస్కోవాలె, ఎన్ని తీస్కోవాలె అన్నది టీం మేనేజరు చూస్కుంటడని ఫైలు మీద ఎవరో రాసి చేతులు దులుపుకున్నరు. ముప్పయ్యేండ్లు గ్యాసును పసిగట్టుడు నేర్చినోణ్ని నేను. యూరోను పసిగట్టుడు ఎవరు నేర్పిండ్రు నాకు?

ముందుగాల అకౌంట్స్ మేడం దగ్గరికి పోయిన. ఆమె మా ఏరియాల పేరుబడ్డ మనిషి. ఆమె బల్ల మీదికెళ్లి ఒక్క రూపాయి తప్పుగ పోయింది లేదు. అద్దాల పైకెళ్లి చూసి, "ఒక్కటే కార్డు తీసుకోండి. మీ పేరు మీద. అందరి అలవెన్సు దాంట్లనే వేయిస్త. వచ్చినంక లెక్క ఒక్కటే, నాకు పని ఒక్కటే" అన్నది.

"ఏడుగురికి ఏడు తీస్కుంటనమ్మా" అన్న.

"ఎందుకు? ఏడు ఫారాలు, ఏడు పాస్‌పోర్టు కాపీలు, ఏడు సంతకాలు. మీకు పనిలేదా, నాకు పనిలేదా?"

"బాయిల ఒకని సిలిండరు మీద ఇంకొకడు ఊపిరి పీల్వడమ్మా. ఎవనిది వాడే మోసుకపోతడు. నేనొక్కన్నే తప్పిపోతే ఆరుగురు ఏం తింటరు, ఎట్లొస్తరు?"

ఆమెకు నా మాట నచ్చలే. నచ్చలేదని మొఖం మీదనే చెప్పింది. "సరే, తిప్పలు మీయి" అని కాయిదం ముందుకు జరిపింది.

ఇగ ఏ కార్డు అన్నది రెండో తిప్పల. కరీంనగర్ నుంచి ఒక ఏజెంటు మోటారుసైకిలేసుకొని స్టేషనుకే వచ్చిండు. ఏడుగురికి ఏడు పాస్‌పోర్టు కవర్లు ఫ్రీగ పంచిండు. ఆయన కార్డుకు రేటు బ్యాంకు కంటె కొంచెం మంచిగుండె. మావోళ్లు కవర్లు చూసే సంబరపడ్డరు. నేను ఒక్కటే అడిగిన. "ఆడ కార్డు పనిచెయ్యకపోతే ఎవలకు చెప్పాలె?" ఆయన ఒక నంబరు చూపించి, "దీనికి చేస్తే వాళ్లు చూస్కుంటరు సార్" అన్నడు. ఆ వాళ్లు ఎవరో ఆయనకూ తెల్వది. కవర్లు ఉంచుకొని ఆయనను సాగనంపినం.

గోదావరిఖనిల బ్యాంకు ఆఫీసరు గుంటూరు దిక్కు పిలగాడు. ఓపికమంతుడు. పోలండ్‌ల యూరో నడువదని, వాళ్ల పైసలు వేరేనని ఆ పిలగాడు చెప్పినంకనే నాకు తెలిసింది. "వాళ్ల కరెన్సీ మా కార్డులో లేదండీ. యూరోలు వేసుకెళ్లండి. గీకినప్పుడల్లా మారకానికి కాస్త కట్ అవుతుంది, దానికి సిద్ధపడాలి. అక్కడ మెషిన్ రూపాయల్లో కడతారా అని అడుగుతుంది. వద్దనండి. రూపాయలు కనబడితే మనవాళ్లు మురిసిపోయి నొక్కేస్తారు, అక్కడే ఎక్కువ పోతుంది. ఏటీఎంలో తీస్తే తీసినప్పుడల్లా ఛార్జీ, అందుకని ఒకేసారి తీసుకోండి. కవర్లో రెండు కార్డులుంటాయి, రెండోది వేరే సంచీలో పెట్టండి. మిగిలితే వచ్చాక మాకే ఇచ్చేయొచ్చు."

"ఒడిస్తే?"

"నాకు ఫోన్ చెయ్యండి. కాగితాలుంటే నేనే వేస్తాను. బ్యాంకు తెరిచున్న రోజైతే."

రేటు తక్కువైనా, ఫోన్ చేస్తే పలికే మనిషున్నడని ఆ కార్డే తీస్కున్న. పిల్లలు ఇప్పుడు అడిగినా నేను అదే చెప్త. రేటు పైసలల్ల తేడా. పలికే మనిషి లేకపోతే అది రోజులల్ల తేడా. కని ఆ పిలగాడు చివరికన్న ముక్క, బ్యాంకు తెరిచున్న రోజైతే అన్నది, నేను ఈ చెవిల ఇని ఆ చెవిల ఇడిసిన.

ఇక్కడ ఇద్దరి గురించి చెప్పాలె. మా కెప్టెన్ నలభై దాటిన మనిషి. తాత కాలం నుంచి బాయిపని చేసిన క్రైస్తవుల ఇల్లు వాళ్లది. మాట తక్కువ. రెస్క్యూల చేరక ముందు బాయిల పైకప్పు కూలకుండ కట్టె దిమ్మెలు పెట్టే పని చేసిండు, బండ చప్పుడు ఇంటేనే ఏ దిక్కు పగులుతదో చెప్తడు. రెండో మనిషిది కాసిపేట. కాసిపేట తమ్ముడనే అంట. పొద్దందాక నవ్వుకుంట, నవ్విచ్చుకుంట ఉంటడు. తండ్రి చిన్నప్పుడే పోతే అక్కే సాదింది, అక్క మొగడు బావ మా దిక్కు ఒక బాయిల పనిచేస్తడు. వీనికి సైకిలు తొక్కుడు నేర్పింది బావ, ఈత నేర్పింది బావ, రెస్క్యూకు మనిషి కావాలంటున్నరు పోరా అని పంపింది బావ. పోలండ్ పోతున్నమంటే ఎయిర్‌పోర్టు దాక కారెక్కొచ్చి, అందరికీ చెయ్యిచ్చి పోయిండు. లావుపాటి మనిషి, పెద్ద నవ్వు.

పోలండ్‌ల దిగినంక వాళ్ల మాట మాకు ఇంగ్లీషుల చెప్పెతందుకు ఒకామెను ఇచ్చిండ్రు. ఇంగ్లీషు టీచరట, యాభై ఏండ్లుంటయి. వాళ్ల నాయిన కూడ బాయిల చేసిండట. ఆ ఊరు చూస్తే నాకు ఇచ్చంత్రమనిపించింది. చలి వేరే, ఇండ్లు వేరే, కని కంపెనీ క్వార్టర్లు ఏడున్నా కంపెనీ క్వార్టర్లే. ఒక్క తీరు గోడలు, ఒక్క తీరు దర్వాజలు, దండెం మీద డ్యూటీ బట్టలు. షిఫ్టు దిగి పొయ్యే మనుషుల కండ్ల రెప్పలకు నల్లగ గీత. ఎంత కడిగినా పోనిది. అది చూసి మావోళ్లు చెయ్యూపిండ్రు. వాళ్లూ ఊపిండ్రు.

వచ్చిన రెండో రోజు బజారుకు పోయినం. ఏడు కార్డులు బయటికొచ్చినయి. ఒకడు బిడ్డకు బూట్లు కొన్నడు, ఒకడు జాకెటు, ఒకడు పెండ్లాంకు చేతిగడియారం. అదనపు మనిషిగ వచ్చినాయన చాక్లెట్ల దుకాణంల పిన్ నంబరు మరిచిపోయిండు. ఇదా, ఇదా అనుకుంట మూడుసార్లు తప్పు కొట్టిండు. కార్డు బందయింది. సంచిల ఉన్న రెండో కార్డు కూడ దానితోనే బందయింది. కాసిపేట తమ్ముడు ఆయన చాక్లెట్లకు పైసలు కట్టి, "అన్న బాయిల తొవ్వ మరువడు గని నాలుగు అంకెలు మరుస్తడు" అని తిరుగుదొవ్వంత నవ్విచ్చిండు. బ్యాంకు పిలగానికి ఫోన్ చేస్తే, "సోమవారం సరిచేస్తానండీ, రేపు రెండో శనివారం" అన్నడు. పోటీ కూడ సోమవారమే. ఏం ఫికర్ లేదనుకున్నం.

శనివారం పొద్దుగాల నాష్ట చేస్తుంటే నా ఫోను మోగింది. స్టేషన్ నుంచి మా తోటి ఇన్‌స్ట్రక్టరు. మనకాడ అప్పుడు పగటీలి, పన్నెండు దాటింది. మొదటి షిఫ్టుల పెద్ద బండ కూలిందన్నడు. ముగ్గురు ఆ బండ అవుతల చిక్కిండ్రన్నడు. ఏ బాయి అని అడిగిన. చెప్పిండు. అది కాసిపేట తమ్ముని బావ బాయి. "పేర్లు?" అన్న. "నీ దగ్గరున్న పిలగాని బావ ఒకడు" అన్నడు.

నాకెదురుగనే కూసుండి రొట్టెకు వెన్న రాసుకుంటుండు. నేను ఫోను పెట్టేసిన. ఎట్ల చెప్పాలె అనుకునే లోపటనే వాడు నా మొఖం చూసిండు. "మనకాడనా సార్?" అన్నడు. తలూపిన. "బావనా?" అన్నడు. ఇంకోసారి ఊపిన. రొట్టెను పళ్లెంల మెల్లగ పెట్టిండు.

ఆఫీసుల పెద్దసారుకు ఫోన్ చేసిన. ఆయన గొంతు అప్పటికే అలిసిపోయింది. "రెండు టీములు దిగినయి. మూడోది దారిల ఉంది. మీరు అక్కడ్నే ఉండండి. వచ్చి చేసేదేం లేదు" అన్నడు.

"మా కెప్టెన్‌ను పంపిస్త సార్. ఆ బాయిల ఆ దిక్కు దిమ్మెలు పెట్టినోడు. పాత తొవ్వలన్నీ ఎరికే ఆయనకు."

"పంపితే మంచిదే. టికెట్ ఎవరు కొనాలె? శనివారం పూట సాంక్షన్ ఎవర్ని అడగాలె? ఇక్కడ నాకు బాయికాడ పనుంది" అని పెట్టేసిండు. ఆయన తప్పు గాదు. ఆ టైముల నేనున్నా గంతే అందును.

టీచరమ్మ కంప్యూటర్ల చూసింది. మధ్యాహ్నం దుబాయి మీదికెళ్లి హైదరాబాదు పొయ్యే విమానం ఒకటున్నది. దానికి ఇంటర్నెట్ల అమ్ముడు బందయింది, ఎయిర్‌పోర్టు కౌంటరుల మాత్రం సీట్లుంటే ఇస్తరు. అది తప్పితే మళ్ల ఆదివారం సాయంత్రం, అది అప్పటికే నిండింది. ఇంటికి చెప్పి టికెట్ చేయిస్తే అయిపాయె గదా అని మీరనుకుంటరు. హైదరాబాదుల ఉన్న మా తమ్ముని కొడుకు ఆ పని మీదనే కూసున్నడు, వానికీ అదే జవాబొచ్చింది. మా టికెట్లు గుంపు టికెట్లు, ఒక్కని తారీఖు మారది. నా సొంత ఏటీఎం కార్డు విదేశంల నడువది, అది అప్పటిదాక నాకు తెల్వనే తెల్వది. బ్యాంకు బందు, కార్డులల్ల కొత్తగ పైసలు పడవు. మాకున్నవి ఆ ఏడు కార్డులే.

ఏడుగురం ఆమె తెచ్చిన వ్యానెక్కినం. తొవ్వపొంటి అందరు కార్డుల ఎంతున్నదో ఫోన్లల్ల చూసుకున్నరు. బూట్లు కొన్నాయన నా చెవుల, "సార్, దుకాణం తొవ్వలనే ఉన్నది, బూట్లు వాపసిచ్చి వస్త, ఆగుతరా?" అన్నడు. ఆగే టైములేదన్న. ఆయన ఆ బూట్ల సంచి ఒళ్లె పెట్టుకొనే కూసున్నడు.

కౌంటరుల రెండు సీట్లున్నయన్నరు. రేటు చెప్పిండ్రు. బందయిన కార్డు తీసేసి, మిగిలిన ఆరింటిని కలిపి చూస్తే ఒక్క టికెట్ వస్తది. రెండోదానికి సగం కూడ లేదు. టీచరమ్మ తన దగ్గర జీతం పడెదాక అంత లేదని చెప్పుకొని సిగ్గువడ్డది. ఆమె అట్ల సిగ్గువడుడు నాకు ఇప్పటికీ యాదికొస్తది.

ఒక్క టికెట్, ఇద్దరు మనుషులు. ఒకడు పోతే బాయిల పనికొస్తడు. ఇంకొకడు పోతే అక్క పక్కన నిలవడుతడు. రెస్క్యూ పనిల ఒక కట్టుబాటున్నది. లోపల చిక్కిన మనిషి చుట్టమైతే వాణ్ని లోపలికి పంపరు. చెయ్యి వణుకుతది, తొందరల తప్పు చేస్తడు, వానితోటి ఇంకిద్దరు పోతరు. అది నేనే ఎందరికో పాఠం చెప్పిన. పాఠం చెప్పుడు అల్కగుంటది. ఆ పిలగాని మొఖం చూసుకుంట ఆ మాట అనాలంటే నాకు నోరు రాలే.  ఆఖరికి కెప్టెనే, "తమ్ముణ్నే పంపు అన్నా. ఇంటికాడ మనిషి కావాలె" అన్నడు.

కాసిపేట తమ్ముడు తన కార్డు తీసి కౌంటరు మీద పెట్టిండు. "కెప్టెన్ పేరు మీద కొట్టుమనుండ్రి సార్" అన్నడు.

"తమ్మీ, ఆలోచించుకో" అన్న.

"నేను పోతే ఏడుస్త. అన్న పోతే తీస్తడు" అన్నడు.



కౌంటరులున్న ఆడమనిషి ఒక టికెట్‌కు ఒకటే కార్డు అన్నది. టీచరమ్మ ఆమెతోటి వాళ్ల భాషల మాట్లాడింది. నాకు ఒక్క ముక్క తెలిసింది, బాయి అన్న ముక్క. అది రెండు రోజులుగ ఇంటున్న. కౌంటరామె లోపలికి పోయి ఎవర్నో అడిగొచ్చి, సరేనని మెషిన్ ముందుకు జరిపింది. మొదటి కార్డు కాసిపేట తమ్మునిది. మెషిన్ రూపాయలల్ల కడుతవా అని అడిగింది. బ్యాంకు పిలగాడు చెప్పిన మాట వాడు మరువలే. వద్దని కొట్టిండు. పిన్ కొట్టేటప్పుడు వాని ఏలు వణుకలే. తర్వాత నాది, తర్వాత బూట్లాయనది, గట్ల ఒక్కొక్కరం లైన్ల నిలవడి కొట్టినం. ఆఖరి కార్డు కెప్టెన్‌ది. ఆయన పిన్ రెండుసార్లు తప్పు కొట్టిండు. మూడోసారి తప్పితే అంతా పోతది. కౌంటరామె కూడ మెషిన్ దిక్కే చూస్తుంది. ఆయన కండ్లు మూసుకొని, ఊపిరి పీల్చి, కొట్టిండు. అయింది.

ఒక్కటే కార్డుంటే ఇన్ని తిప్పలెందుకు, ఒక్కసారి గీకితే అయిపోతుండె గదా అని తర్వాత నేనే అనుకున్న. ఆ ఒక్క కార్డే చాక్లెట్ల దుకాణంల బందయితే? అదీ అనుకున్న. రెండూ నిజమే. ముందుగాల కూసుండి ఏది ఎంచినా, ఆపద వచ్చినప్పుడు అది నీ లెక్క ప్రకారం రాది. ఇంతకంటె పెద్ద పాఠం నేను నేర్చుకోలే.

కెప్టెన్ పోయిండు. ఆదివారం పొద్దంత కాసిపేట తమ్ముడు మాస్కులు కడిగిండు. కడిగినవే మళ్ల కడిగిండు. అక్కకు ఫోన్ చేస్తే ఆమె బాయికాడ కూసున్నదట. "మా కెప్టెనన్న వస్తుండు అక్కా" అని ఒక్కటే మాట చెప్పిండు. ఆ రోజే చిక్కినోళ్లల్ల ఒకణ్ని బతికుండంగ తీసిండ్రు, ఇంకొకన్ని తీసెవరకు పానం లేదు. బావ జాడ దొరకలే. బండ ఇంకా కూలుతుంది, ముందటికెళ్లి పోరాదంటుండ్రు. కెప్టెన్ హైదరాబాదుల దిగి సీదా బాయికే పోయిండని, ఇంటి మొఖం చూడలేదని చెప్పిండ్రు.

సోమవారం పోటీ. తమ్ముణ్ని కూసోమన్న. వాడు కూసుంటే నలుగురే అయితరు, దిగనియ్యరు. దిగకున్నా మంచిదేనని చెప్పిన. "ఒట్టిగ కూసుంటే పానం ఆగుతలేదు సార్, దిగుత" అన్నడు. పోటీ ఏందంటే, వాళ్లు బాయి లెక్క కట్టిన సొరంగంల పొగ నింపి, కూలినట్టు కట్టెలు, రాళ్లు వేసి, కింద ఒక బొమ్మను పెట్టిండ్రు. దాన్ని తీసి, పట్టీలు కట్టి, స్ట్రెచర్ మీద బయటికి తేవాలె. గడియారం చూస్తరు. నేను అద్దం ఇవుతల నిలవడి చూస్తున్న. మావోళ్లు మంచిగనే పోయిండ్రు, మంచిగనే రాళ్లు తీసిండ్రు. బొమ్మను బయటికి గుంజినంక పట్టీలు కట్టేది కాసిపేట తమ్ముడు. వాడు ఆ బొమ్మ తలకాయ కింద చెయ్యి పెట్టి, మెల్లగ లేపి, మెడ కింద గుడ్డ మడిచి పెట్టిండు. మొఖం మీది దుమ్ము చేత్తోటి తుడిసిండు. మల్లొకసారి తుడిసిండు. మిగిలినోళ్లు వానికెళ్లి చూసుకుంట నిలవడ్డరు గని ఎవ్వడు కూడ జల్ది అనలే. జడ్జి గడియారం చూసుకున్నడు. టీచరమ్మ ఆయన దగ్గరికి పోయి ఏదో చెప్పింది. ఆయన గడియారం జేబుల పెట్టుకున్నడు.

మార్కులు రాలే. రావాలని ఎవనికీ లేకుండె.

ఆ సాయంత్రం కెప్టెన్ ఫోన్ చేసిండు. ఎన్నో ఏండ్ల కింద తనే దిమ్మెలు పెట్టి మూసిన ఒక పాత తొవ్వ బండ అవుతలికి పోతదని యాదికొచ్చిందట. పై సార్లతోటి మాట్లాడి, దాన్ని తెరిపించి, వెనుకకెళ్లి పోయిండ్రు. బావ ఆడ దొరికిండు, ఆ తొవ్వలనే బయటికి మోసుకొచ్చిండ్రు. బండ పడ్డ తక్షణమే పానం పోయి ఉంటదని డాక్టరు చెప్పిండట. అంటే మేం కార్డులు గీకెవరకే అంతా అయిపోయింది. తమ్మునికి ఈ మాట నేనే చెప్పిన. "దొరికిండు గదా సార్" అన్నడు. అంతే అన్నడు. ముందటికెళ్లి తీస్తే ఇంకా ఎన్ని రోజులు పట్టేదో, అక్కకు మొఖం చూపించే తీరుండేదో లేదో, వానికీ ఎరికే నాకూ ఎరికే.

మేం గుంపు టికెట్ల మీద వచ్చెవరకు అంతా అయిపోయింది. తమ్ముడు బావను చూడలే.

వచ్చినంక నాకు ఆఫీసు నుంచి పిలుపొచ్చింది. కెప్టెన్ ఎవరి అనుమతితోటి వచ్చిండు, కంపెనీ పైసలతోటి టికెట్ ఎట్ల కొన్నరు అని ఎవరో పైన అడిగిండ్రట. జవాబు ఏం చెప్పాలె అని నేను అకౌంట్స్ మేడం ముందట కూసున్న. నిజం చెప్పాలంటే అప్పటికి నాకు దేని మీదా ఇంటరెస్టు లేకుండె. నా జీతంల కోసుకుంటే కోసుకోండ్రి అన్న.

ఆమె చానసేపు కాయిదాలు తిప్పింది. "కార్డు మీ ఒక్కరి పేరు మీద ఉంటే అది కంపెనీ పైసలు. మీరు అడుగకుండ ఖర్చుపెట్టిండ్రని రాయాల్సొచ్చేది. ఇప్పుడు ఎవరి అలవెన్సు వాళ్ల కార్డుల ఉంది. సొంత ఖర్చులకని ఇచ్చిన పైసలు. ఎవరు దేనికి ఖర్చుపెట్టుకున్నరో అడిగే పని నాకు లేదు" అన్నది. కాయిదం మీద రెండు లైన్లు రాసి సంతకం పెట్టింది. తలెత్తకుండనే, "ఆ పిలగాడు ఎట్లున్నడు?" అని అడిగింది. మంచిగనే ఉన్నడమ్మా అన్న. మంచిగ లేడని ఆమెకూ తెలుసు.

దశదినం నాడు నేను, కెప్టెన్ కలిసి కాసిపేటకు పోయినం. పందిరి కింద కుర్చీలేసి ఉన్నయి. తమ్ముడు మాకు నీళ్లిచ్చి పక్కన కూసున్నడు. వాళ్లక్క లోపలికెళ్లి వచ్చి కెప్టెన్ ముందట నిలవడ్డది.  కెప్టెన్ లేసి నిలవడ్డడు. ఆమె రెండు చేతులు జోడించి లోపలికి పోయింది.

నాకు తెలిసి తమ్ముడు అప్పటిదాక కెప్టెన్‌ను ఒక్కటి కూడ అడుగలే. ఏడ దొరికిండు, ఎట్లున్నడు, దెబ్బలేమున్నయి, ఏదీ అడుగలే. మేం పోతమని లేసి చెప్పులు తొడుక్కుంటున్నం. అప్పుడు వాడు కెప్టెన్ పక్కకొచ్చి, ఎవలకు ఇనవడకుండ అడిగిండు.

"బరువుండెనా అన్నా?"

కెప్టెన్ వాని భుజం మీద చెయ్యేసిండు.

"లేకుండె తమ్మీ. నలుగురం ఉంటిమి."